గోస్తని వెంట సముద్రం దాకా

మాది అనంతగిరి కొండల్లో ముప్పై గడపల గూడెం. మా ఇంట్లో బడిలో చేరిన మొదటిదాన్ని నేనే. మా గూడెం పక్క గెడ్డ పోయి గోస్తని నదిలో కలుస్తుంది. గోస్తని బొర్రా గుహల గుండా పారి, సుమారు 120 కిలోమీటర్లు పోయి, భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుందని సోషల్ మేడం చెప్పారు. పరీక్షలో అది ఒక మార్కు ప్రశ్న. కాని ఆ కలిసే చోటు మా గూడెంలో ఆడవాళ్లెవరూ చూడలేదు.

మొన్న దసరా సెలవుల్లో అనుకోకుండా చూశాం. మా మావ అద్దె జీపు నడుపుతాడు. బొర్రా చూడ్డానికి వచ్చిన వాళ్లను విశాఖపట్నం స్టేషన్లో దింపాలని తెల్లారకముందే బయల్దేరి, మా ఇంటి దగ్గర ఆగాడు. చోడి అంబలి తాగుతూ, "ఎనక రెండు సీట్లు ఖాళీయే. అమ్మా, ఎల్దుమా? పిల్లా, నువ్వూ రా" అన్నాడు. అమ్మమ్మ "కోళ్లని ఎవులు సూస్తార్రా?" అంది. అంటూనే కొత్త కోక కట్టేసుకుంది.

ఘాట్ రోడ్డు మలుపుల్లో అమ్మమ్మకి కడుపులో తిప్పింది. చింతపండు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. శృంగవరపుకోట దాటాక మావ చెయ్యి చూపించి, "అటేపు తాటిపూడి. మన గోస్తనికి ఆనకట్ట కట్టింది అక్కడే" అన్నాడు. దాన్ని 1963లో మొదలుపెట్టి 1968లో పూర్తి చేశారు. ఆ నీళ్లు పొలాలకే కాదు, విశాఖపట్నం కొళాయిలకు కూడా పోతాయి. పట్నానికి వేరే చోట్ల నుంచి కూడా నీళ్లు వస్తాయి గాని, మనవి కూడా అందులో ఉన్నాయి.

వాళ్లను దింపేసరికి పది దాటింది. తిన్నగా వెనక్కి పోవాలి. అప్పుడు అమ్మమ్మ, "ఇంత దూరం వొచ్చి సముద్రం సూడకుండా పోతామేటి? మన గెడ్డ ఎక్కడ కలుస్తాదో అక్కడికే తీసుకెళ్లరా" అంది. మావ డీజిలు ముల్లు చూశాడు, నవ్వాడు, జీపు బీచి రోడ్డు మీదకి తిప్పాడు.

ఆ రోడ్డు పొడుగునా కుడిచేతి వైపు సముద్రమే. మొదట ఒడ్డు మీద జలాంతర్గామి కనిపించింది. పేరు కుర్సుర. 1969 నుండి 2001 వరకు మన నౌకాదళంలో పని చేసింది. 2002 నుండి మ్యూజియం. టిక్కెట్టుకి డబ్బులు చాలక బయట నుంచే చూశాం. తరవాత రుషికొండ, తొట్లకొండ వచ్చాయి. తొట్లకొండ మీద పూర్వం బౌద్ధ భిక్షువులు ఉండేవారు. మావకి చదువు రాదు. బోర్డులన్నీ నేనే చదివి చెప్పాను. భీమిలి దగ్గర పడ్డాక ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి. 2014లో వాటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అమ్మమ్మ మాత్రం "మన పోడు మట్టి లాగే ఉంది" అంది.

భీమిలిలో ఒడ్డున బెస్త అమ్మ ఎండుచేపలు ఆరబెడుతోంది. మా సంతకి వచ్చే చేపలు ఇలాంటివే. అమ్మమ్మ దాచుకున్న చింతపండు ఆమెకి ఇచ్చింది. ఆమె గుప్పెడు చేపలు ఇచ్చి, "మీ కొండ చింతపండు లేకపోతే మా పులుసు లేదు" అంది.

గోస్తని అక్కడ వెడల్పుగా, నెమ్మదిగా ఉంది. మా కొండ మీద అంత చప్పుడు చేసే నీరు అక్కడ మాట్లాడదు. అమ్మమ్మ దోసిట్లో తీసి నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఉప్పు!" అంది. కాసేపు కూచుని నన్ను అడిగింది: "పట్నం కొళాయిలోకి మన నీరు పోతాది గదా, మరి మన గుమ్మంలోకి ఎందుకు రాదు?"

మా అమ్మ రోజూ ఊట దగ్గరికి నాలుగుసార్లు దిగి ఎక్కుతుంది. ఎండాకాలంలో ఇంకా దూరం. నీళ్లు పల్లానికే పోతాయి, అందుకని పట్నానికి సులువు అని చెప్పాను. "అయితే మనకి పైన కూడా ఊట ఉంది గదా" అంది అమ్మమ్మ. నిజమే. పక్క గూడెంలో పై ఊట దగ్గర తొట్టి కట్టి పైపు వేశారు. కరెంటు లేకుండానే నీళ్లు దిగుతున్నాయి.

విజయనగరం మీదుగా ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడింది. మర్నాడే నేను అర్జీ రాశాను. మా పై ఊట ఎంత ఎత్తులో ఉందో, ఎండాకాలంలో బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో అందులో పెట్టాను. ఇరవై రెండు వేలిముద్రలు, మూడు సంతకాలు పడ్డాయి. మొదటి వేలిముద్ర అమ్మమ్మదే. మావ దాన్ని ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చాడు. జవాబు ఇంకా రాలేదు. రసీదు నా సోషల్ పుస్తకంలో ఉంది.

అక్కలారా, చెల్లెల్లారా, మీ ఊరి గెడ్డ ఏ నదిలో కలుస్తుంది? దాని నీళ్లు ఎవరెవరు తాగుతున్నారు? ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్లను అడిగి, వచ్చే నెల ఈ గోడపత్రికలో రాయండి.