పునరావాసం అనే మాట

పునరావాసమనగానే మన ప్రాంతంలో ఎవరికైనా ముందు స్ఫురించేవి శ్రీశైలం ముంపు గ్రామాలు. ఇల్లూ పొలమూ నీటిపాలైనవారికి వేరొకచోట స్థలం చూపించడం. వైద్యులు ఇదే మాటను పక్షవాతం వచ్చినవారికీ, కాలు పోయినవారికీ వాడుతారు. మాటలో ఆవాసం ఉన్నది గదా అని తెలుగు చెప్పుకొనే మేము సంతోషించాము. ఆసుపత్రిలో మాత్రం ఆ ఆవాసం ఊసెత్తేవారు అరుదు.

మా పెద్ద ఖాలాకు ఎడమవైపు చచ్చుబడినప్పుడు పట్టణంలోని ఒక ఆసుపత్రిలో నెలరోజులు వ్యాయామం చేయించారు. శ్రద్ధగానే చేయించారు. ఇంటికి పంపేనాడు చీటీ మీద నడక మెరుగుపడినదని వ్రాశారు. అది నున్నని గచ్చుమీద, ఇనుపకమ్మీ పట్టుకొని నడచిన నడక. ఖాలా ఇంటి గడప జానెడు ఎత్తు. మరుగుదొడ్డి పెరటి చివర. మోకాళ్ళు వంచి నమాజుకు కూర్చోవాలన్నది ఆమె మొదటి కోరిక. కుర్చీలో కూర్చుండి చేయవచ్చునని మతం సమ్మతించినా ఆమె మనస్సు సమ్మతించలేదు. వీటిలో ఒక్కటీ అక్కడ ఎవరూ అడుగలేదు. కడకు వీధిలోని వడ్రంగి గడపకు ఏటవాలుగా పలక అమర్చి, పెరటిదాకా వెదురుబొంగులతో పట్టుకమ్మి కట్టాడు.

ఆ వడ్రంగి చేసినదానికి గ్రంథాలలో సముదాయ ఆధారిత పునరావాసమని పేరు. 1978లో ఆల్మా-ఆటా ప్రకటన వెలువడిన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మార్గాన్ని ముందుకు తెచ్చినది. 2010లో వెలువడిన మార్గదర్శకాలలో ఆరోగ్యం అయిదు అంగాలలో ఒకటి మాత్రమే. తక్కినవి విద్య, జీవనోపాధి, సాంఘిక జీవనం, సాధికారత. మన వైద్యులలో పలువురు దీనిని ఒకనాటి శిబిరమని భావిస్తారు. మూడుచక్రాల బండ్లు పంచుతారు, ఛాయాచిత్రం తీయించుకొంటారు, వెళ్ళిపోతారు. బండి గొలుసు తెగితే ఆ ఊరిలో బాగుచేసేదెవరు? 2011 జనగణన ప్రకారం దేశంలోని 2 కోట్ల 68 లక్షల వికలాంగులలో 1 కోటి 86 లక్షల మంది పల్లెవాసులే.

అందరూ అటువంటివారేనని మేమనము. జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, హస్తకళా నిపుణుడు రామచంద్ర శర్మతో కలిసి కృత్రిమ పాదాన్ని రూపొందించారు. బూటు తొడిగే విదేశీ కాలుతో గొంతుకూర్చోవడం, బాసిపట్లు వేయడం, వట్టికాళ్ళతో పొలంలో దిగడం కష్టం. మనవారు ఎట్లా కూర్చుంటారో ఎరిగిన చేతులు చేసిన పాదమది. సేథీగారికి 1981లో మెగసెసే పురస్కారం లభించినది.

మన విద్యార్థులలో కొందరు నర్సింగుకూ, ఫిజియోథెరపీకీ పోవలెనని ఉన్నారు. రేపు రోగి ఎదుట నిలిచినప్పుడు, మోకాలు ఎంత వంగుతున్నదని కొలిచేముందు ఇంటికి మెట్లెన్ని అని అడుగుతారా? మన గ్రంథాలయానికి నాలుగున్నవి. పక్కన ఏటవాలు దారి ఒకటి కట్టించవలసినదిగా కళాశాల సంఘానికి ఈ మధ్యనే విన్నపం పెట్టుకొన్నాము.