ప్రోగ్రెస్ కార్డు మీద నాది కాని సంతకం

పోయిన ఏడాది ఆగస్టులో ఒక శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లాను. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. క్లాస్ టీచర్ ప్రోగ్రెస్ కార్డు నా ముందు పెట్టి, "మార్కులు చూసే సంతకం పెట్టారు కదండీ, లెక్కల గురించి ఇంట్లో మాట్లాడారా?" అని అడిగారు. ఆ కార్డు నేను అంతకు ముందు చూడనేలేదు. లెక్కల్లో 25కి 9. కింద నా సంతకం. చూడగానే నాది కాదని తెలిసిపోయింది.

"మాట్లాడానండీ" అన్నాను టీచర్‌తో.

ఇంటికెళ్లాక జరిగింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గట్టిగా అరిచాను. కడుతున్న ఫీజు, పక్క ఫ్లాట్ అబ్బాయి ర్యాంకు, వాళ్లమ్మ పొద్దున్నే లేచి పడుతున్న కష్టం, అన్నీ ఏకరువు పెట్టాను. అమ్మాయి అంతా విని ఒక్కటే మాట అంది: "చెబితే ఇలాగే అంటావని తెలుసు నాన్నా. అందుకే చెప్పలేదు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హాల్లో కూర్చుని ఏదో ఒకటి చదువుదామని అల్మరాలో చెయ్యి పెడితే గాంధీగారి ఆత్మకథ దొరికింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వక్తృత్వ పోటీలో బహుమతిగా ఇచ్చిన పుస్తకం. పాతికేళ్లకు పైగా ఇల్లు మారినప్పుడల్లా మాతోపాటే వస్తోంది కానీ, నాలుగు పేజీలు దాటి చదివింది లేదు.

1925 నుంచి 1929 వరకు 'నవజీవన్' పత్రికలో వారం వారం గుజరాతీలో వచ్చిన రచన కాబట్టి అధ్యాయాలు చిన్న చిన్నవి. చదువుతూ పోతే మొదటి భాగంలోనే ఒక దొంగతనం సంగతి వచ్చింది. గాంధీకి అప్పుడు పదిహేనేళ్లు, మా అమ్మాయి కంటే ఒక్క ఏడాది పెద్ద. అన్న చేసిన పాతిక రూపాయల అప్పు తీర్చడానికి ఆ అన్న చేతికున్న బంగారు కడియం నుంచే చిన్న ముక్క తీశారు. తర్వాత మనసు ఊరుకోలేదు. నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం మీద అంతా రాసి, జబ్బుతో మంచాన ఉన్న తండ్రి చేతికిచ్చారు. తండ్రి కోప్పడతారని, తల బాదుకుంటారని అనుకున్నారు. ఆయన లేచి కూర్చుని చదివారు. కళ్ల నుంచి నీళ్లు కారి కాగితం తడిసింది. కాసేపు కళ్లు మూసుకుని, ఆ చీటీ చింపేసి, మళ్లీ పడుకున్నారు. అంతే.

ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు చదివి ఉంటే ఆ కుర్రాడి నిజాయితీ గురించి ఆలోచించేవాణ్నేమో. ఆ రాత్రి మాత్రం నాకు తండ్రే కనిపించారు. కొడుకు భయపడుతూనే నిజం చెప్పాడు, ఆ నిజాన్ని ఆయన మౌనంగా అందుకున్నారు. మా ఇంట్లో నిజం చెబితే ఏం జరుగుతుందో మా అమ్మాయికి ముందే తెలుసు.

మర్నాడు పక్కన కూర్చుని, "లెక్కల్లో ఎక్కడ తేడా కొడుతోందమ్మా?" అని అడిగాను. చాలాసేపటికి పుస్తకం తెరిచి చూపించింది.

ఆధ్యాత్మిక పుస్తకాలంటే రిటైరయ్యాక చదువుకునేవని నా అభిప్రాయం. అది మార్చింది మరో చిన్న పొత్తం. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అనే రెవెన్యూ ఉద్యోగి అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్న రమణ మహర్షిని కొన్ని ప్రశ్నలు అడిగారు. రమణులు అప్పట్లో మౌనంగా ఉండేవారు, జవాబులు రాసి చూపించారు. అవే తర్వాత తమిళంలో 'నాన్ యార్', అంటే 'నేనెవరు' అన్న పేరుతో అచ్చయ్యాయి. తెలుగులోనూ దొరుకుతుంది. గంటలో చదివేయొచ్చు. అందులో చెప్పిన పద్ధతి ఒకటే: ఏ ఆలోచన వచ్చినా అది ఎవరికి వచ్చిందని అడగాలి. నాకు అని జవాబొస్తే, ఆ నేను ఎవరని వెతకాలి.

అందులోని లోతు నాకు అందిందని చెప్పను. కానీ ఆ ప్రశ్నను నా కోపానికి వేసి చూశాను. ఆ శనివారం కోపం ఎవరికి వచ్చింది? కూతురి చదువు గురించి బెంగపడే తండ్రికా? నిజం చెప్పాలంటే, నలుగురిలో పరువు పోతుందని భయపడే మనిషికి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు మొదటి అబద్ధం నేనే ఆడానని అనలేను గానీ, రెండోది మాత్రం నాదే. "మాట్లాడానండీ" అన్నది నేనే కదా. అమ్మాయి నాకు భయపడి అబద్ధమాడింది. నేను టీచర్ ముందు తక్కువైపోతానని ఆడాను.

దసరా సెలవుల్లో ఆ సంగతి మా అమ్మాయికి చెప్పాను. కళ్లు పెద్దవి చేసి, "నువ్వు కూడానా?" అంది. సెలవులయ్యాక ఇద్దరం వెళ్లి టీచర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆవిడ ఒక్క నిమిషం మా ఇద్దరినీ చూసి, "చెప్పారు, సంతోషం. ఇక లెక్కల సంగతి చూద్దాం" అన్నారు.

మూడో పుస్తకం మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారిది. 1978 నుంచి ఆయన తన పాఠశాలలకు రాసిన ఉత్తరాలు 'లెటర్స్ టు ది స్కూల్స్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఒక్కొక్కటి రెండు మూడు పేజీలే. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం ఎంత హాని చేస్తుందో ఆయన పదే పదే చెబుతారు. చదువుతుంటే పక్క ఫ్లాట్ అబ్బాయి గుర్తొచ్చాడు. పాపం, వాడికి తెలియకుండానే వాణ్ని మా ఇంట్లో ఎన్నిసార్లు వాడుకున్నామో! ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నోటి దాకా వచ్చి ఆగుతోంది, అదే లాభం.

ఈ మూడింటిలో ఏదీ ఫలానా మతం వారికే అని రాసింది కాదు. పూజ, దీక్ష అక్కర్లేదు. రోజుకు పది నిమిషాలు చాలు. ఒక్క మనవి: కొనగానే పిల్లల చేతిలో పెట్టి చదవమనకండి. అది వాళ్లకు ఇంకో హోంవర్క్ అవుతుంది. ముందు మనం చదువుకుందాం. మా అమ్మాయి గాంధీగారి పుస్తకం తనంతట తానే తీసింది, అదీ నేను చదివి టేబుల్ మీద వదిలేసిన నెలకి.

తర్వాతి యూనిట్ టెస్టులో లెక్కల్లో 25కి 12 వచ్చాయి. గొప్ప మార్కులేం కావు. కానీ ఆ సాయంత్రం నేను చెప్పులు విప్పేలోపే కార్డు, పెన్ను తెచ్చి ఇచ్చి, "చూసి సంతకం పెట్టు నాన్నా" అంది.