ఇల్లూ మిషనూ కలిపి ఎంత?

మార్కాపురంలో ఇల్లు బేరమాడేవారు రెండు రకాలు. ఉద్యోగస్తుడు వీధిలో నిలబడి గడపనూ గోడలనూ పరికిస్తాడు. పలకల పని తెలిసినవాడు ఆ గడప దాటి, వంటిల్లు దాటి, నేరుగా పెరట్లోకి నడుస్తాడు. అక్కడ ఒక రేకుల షెడ్డు, అందులో రాయి కోసే మిషను, పక్కన బోరు ఉంటేనే ఆగి ధర అడుగుతాడు.

మా చెల్లెలి భర్త పదిహేనేళ్ళుగా ఇతరుల షెడ్లలో కోత పని చేస్తున్నాడు. ఆ దంపతులు ఈ మధ్య అటువంటి ఇల్లొకటి కొనాలని తలపెట్టి, నాలుగక్షరాలు చదువుకున్నవాడినన్న గౌరవం కొద్దీ లెక్కలు చూడమని నన్ను పిలిచారు. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఇల్లూ కార్ఖానా ఒకే ప్రహరీలో ఎందుకున్నాయో చెప్పాలి. ఒకప్పుడు దేశంలో ఏ మూల పిల్లవాడికి అక్షరాభ్యాసం జరిగినా వాడి ఒళ్ళోని పలక మా ఊరిది అయ్యే అవకాశం ఉండేది. మా చుట్టుపక్కల గనుల్లో దొరికే రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి ఒడుపుగా కొడితే పుస్తకంలో పుట విడినట్టు విడిపోతుంది. ఆ పొరను కొలతకు కోసి, నునుపుగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే పలక. చట్రాలు బిగించడం వసారాలో కూర్చుని చేసుకోగలిగిన పని. కాబట్టి ఎక్కడ ఇల్లు ముగిసి ఎక్కడ పని మొదలయ్యేదో ఎవరూ గీత గీయలేదు. తరువాత ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చి రాతి పలకను బడి నుంచి సాగనంపాయి. పరిశ్రమ నేలమీదా గోడలమీదా పరిచే బండలవైపు తిరిగింది. మిషన్లు పెద్దవయ్యాయి, కరెంటూ నీళ్ళూ ఎక్కువ కావలసివచ్చాయి. పెరడు మాత్రం అదే పెరడు.

ఇక ధర. పూర్వం కర్నూలు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో (1972 నుంచి దాని పేరు ప్రకాశం) కలిసిన ఈ ఊరు, 2025 డిసెంబరు చివర తానే ఒక జిల్లాకు కేంద్రమైంది. దానితో సెంటు ధర చెప్పేటప్పుడు మధ్యవర్తి గొంతు కూడా మారింది. ప్రతి స్థలమూ కాబోయే ఏదో ఒక ఆఫీసుకు కూతవేటు దూరమే!

(అంకెలంటే విసుగున్నవారు ఈ పేరా దాటవేయవచ్చు.) పత్రం మీద విలువ ముప్ఫై లక్షలు అనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి 7.5 శాతం. అంటే రెండు లక్షల పాతిక వేలు, తాళంచెవి చేతికి రాకముందే. మిషన్లను పత్రంలో ఎక్కించకుండా విడిగా రశీదు రాసిస్తానంటారు అమ్మేవారు. సుంకం కలిసివస్తుంది కదా అని కొనేవారూ ఒప్పుకుంటారు. తీరా బ్యాంకుకు వెళితే, పత్రంలో లేనిదానికి ఆ ఇంటి అప్పులో చోటుండదు.

అసలు చిక్కు అప్పు దగ్గరే. గృహరుణం ఇచ్చే అధికారి పెరట్లోని షెడ్డును చూసి ఇది నివాసం కాదంటాడు. పరిశ్రమకు అప్పిచ్చే అధికారి ముందున్న పడకగదిని చూసి ఇది పరిశ్రమ కాదంటాడు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్‌కు యాభై లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు, సబ్సిడీ కూడా ఉంది. కానీ అందులో స్థలం ఖరీదు కలపకూడదని నిబంధన. ముద్ర రుణం పరిమితిని 2024 బడ్జెట్టులో ఇరవై లక్షలకు పెంచారు. ఆ పెంపు అంతకుముందు అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవారికే, అదీ వ్యాపారానికే. ఇంటికీ మిషనుకూ నడుమ మిగిలిపోయే ఆ అయిదారు లక్షలను పూడ్చేది రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు రెండు రూపాయలంటే వినడానికి ఎంత చిన్నది! అయిదు లక్షలకు నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. అసలు అట్లాగే ఉంటుంది.

కరెంటు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఇంటి మీటరు మీద కోత మిషను నడపకూడదు. నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు ధరతో లెక్కగడతారు. షెడ్డుకు వేరే త్రీఫేజ్ కనెక్షను ఉండాలి, దాని పాత బిల్లులన్నీ కట్టి ఉండాలి. నిబంధనలు అనుమతిస్తే పాత యజమాని బకాయిలను కొత్త యజమాని నుంచి రాబట్టవచ్చునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. "ఈసీ తీయించాం, స్థలం మీద అప్పులేవీ లేవు" అని నిశ్చింతగా ఉండేవారికి ఈ బకాయి అందులో కనిపించదు.

ఇవన్నీ కాగితం మీద వేసి చూపిస్తే మా చెల్లెలు ఓపికగా విన్నది. ఆ తరువాత అడిగింది:

"అన్నా, ఇల్లు ఎంతో చెప్పినారు, మిషను ఎంతో చెప్పినారు. నేను బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో ఎవురూ చెప్పలేదే?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. రాయిని పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది కంటికి ఆననంత సన్నటిది, ముఖానికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. ఏళ్ళ తరబడి పేరుకుంటే సిలికోసిస్. దానికి నయంచేసే మందు లేదు, పైగా క్షయ సోకే ప్రమాదాన్ని పెంచుతుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకపుల్లలు కోసే కార్మికులను ఈ జబ్బు ఎంతగా పీడించిందంటే, 1982లో ఆ రాష్ట్రం వారికోసం ప్రత్యేకంగా ఒక సంక్షేమ నిధి చట్టం చేయవలసివచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి విధిగా తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. కానీ ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచేచోట పదిమంది ఉంటేనే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడు ఆ సంఖ్యను ఇరవై చేసింది. ముగ్గురు నలుగురితో నడిచే పెరటి షెడ్డు అప్పుడూ లెక్కలో లేదు, ఇప్పుడూ లేదు. భర్తా, భార్యా, స్కూలునుంచి వచ్చి అక్కడే పుస్తకాలు తెరిచే పిల్లలూ ఏ రిజిస్టరులో ఉంటారు?

నివారణ లేకపోలేదు. కోత చక్రం మీద ఎడతెగకుండా నీళ్ళు పడుతూ ఉంటే ధూళి చాలావరకు లేవకుండా బురదగా జారుతుంది. ఆ నీటిని రెండు తొట్లలో తేర్చి మళ్ళీ వాడుకోవాలి, బురదను ఎండకముందే ఎత్తిపోయాలి. ఎండితే అదే మళ్ళీ గాలికి లేచి చెల్లెలి దండెం మీద వాలుతుంది. దీనంతటికీ కావలసింది నీరు. అది మా ఊళ్ళో ఎంత కరువో పశ్చిమ ప్రకాశం వారికి చెప్పనక్కరలేదు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు, నీళ్ళు మాత్రం ఆనాడు పారలేదు. ఎండాకాలంలో ఇంటికి ట్యాంకరు కొనుక్కునే మనిషి రాయి మీద బిందెడు పోయడానికి వెనకాడతాడు, పొడిగా కోస్తాడు. అందుకే ఆ ఇంటి ఖరీదులో మొదట చూడవలసింది గోడలూ కాదు, మిషనూ కాదు, మే నెలలో ఆ బోరు ఎన్ని గంటలు పోస్తుందన్నది.

అమ్మే పెద్దాయనతో ఈ మాటే అన్నాను. "బోరుదేముంది నాయనా, సంక్రాంతికి చూడు, ఎంత పోస్తదో" అన్నాడు. సంక్రాంతికి ఏ బోరైనా పోస్తుంది.

బావ రోజూ పొద్దున్నే కాసేపు దగ్గుతాడు. రాతిపనిలో ఉన్నవాళ్ళకు మామూలేనంటాడు. ఒంగోలు వెళ్ళి ఛాతీకి ఎక్స్‌రే తీయించుకొమ్మని నేను చెప్పి రెండు నెలలైంది. చెల్లెలు ఇప్పుడు ఒకటే పట్టుమీద ఉంది: ఎక్స్‌రే చేతికి రావాలి, వేసవిలో బోరు చూడాలి, అంతవరకు బయానా ఇచ్చేది లేదు. పెద్దాయన సరే అనలేదు, కాదనీ అనలేదు. వేరే బేరం ఉందని మాత్రం మధ్యవర్తి చేత రోజు విడిచి రోజు కబురు పంపుతున్నాడు.