సప్తమపదం

బ్రహ్మచారికి భిక్ష, వానప్రస్థునికి ఆదరణ, యతికి ఆతిథ్యం గృహస్థుని ముంగిటనే లభిస్తాయి. కనుకనే గృహస్థాశ్రమం తక్కిన మూడు ఆశ్రమాలకు ఆధారమని ధర్మశాస్త్రాలు కీర్తించాయి. ఆ ఆశ్రమానికి ఆధారమైనవి వివాహవేదికపై జరిగే రెండు ప్రతిజ్ఞలు. ధర్మార్థకామాలలో ఈమెను అతిక్రమించి నడువనని వరుడు పలికే 'నాతిచరామి' మొదటిది. అన్నానికై, బలానికై అంటూ ఒక్కొక్క అడుగు వేయించి, ఏడవ అడుగు పూర్తికాగానే వధువును సఖిగా సంబోధించడం రెండవది. వాటిని వేదికపై పలికి, ఇంటికి వచ్చేసరికి మరచిపోవడం లోకంలో సర్వసాధారణం.

రాజమహేంద్రవరంలో ఒక వృద్ధ దంపతులున్నారు. ఆయన సంస్కృతోపన్యాసకులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. సాయంవేళల్లో దేవాలయంలో ఉపనిషత్తులు చెబుతుంటారు. ఎన్నో వివాహాలలో 'నాతిచరామి' అర్థాన్ని నూతన దంపతులకు వివరించి చెప్పిన అనుభవం ఆయనది. ఆమె యౌవనంలో వీణ నేర్చి, సంగీతపరీక్షలో ఉత్తీర్ణురాలైన విదుషి. ఇప్పుడా వీణ గవసెనలో ఒక మూల ఉంది. శ్రావణమాసంలో వారి వివాహమై నలభై రెండు సంవత్సరాలు నిండిన దినం వచ్చింది.

ఆ ఉదయం ఆయన మరునాటి ప్రవచనానికి సిద్ధమవుతున్నారు. బృహదారణ్యకంలోని మైత్రేయీ బ్రాహ్మణం విషయం. యాజ్ఞవల్క్యుడు గృహం విడిచి వెళ్ళదలచి, ఆ సంకల్పాన్ని ముందుగా భార్యకు తెలియజేస్తాడు. ఉన్న సంపదను ఆమెకూ, కాత్యాయనికీ పంచి వెళతానంటాడు. ఆ సంపద నాకు అమృతత్వాన్ని ఇస్తుందా అని మైత్రేయి ప్రశ్నిస్తుంది. ఆత్మవిద్యోపదేశం అక్కడినుండి ఆరంభమవుతుంది. ఎన్నోసార్లు చెప్పిన ఘట్టమే అయినా, ఆనాడు ఆయన కలం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. భార్యతో చెప్పకుండా ఆ మహర్షి వెళ్ళిపోయి ఉంటే మైత్రేయి ప్రశ్న లేదు, ఆ ఉపదేశమూ లేదు. ఒక భర్త తన నిర్ణయాన్ని భార్యకు చెప్పడంతో అంతటి విద్య లోకానికి దక్కింది.

ఆయన పుస్తకం మూసి వంటింటి గడపలోకి వెళ్ళారు.

"ఏమే, ఈరోజు ఎక్కడికైనా వెళదామా?"

"ఇప్పుడా? మీ ఇష్టం."

నలభై రెండేళ్ళుగా వింటున్న ఆ రెండు మాటలు ఆనాడు ఆయన చెవికి కొత్తగా తోచాయి. "నా ఇష్టం కాదు, నీ ఇష్టం చెప్పు" అన్నారు. ఆమె పొయ్యి కట్టి చాలాసేపు ఆలోచించింది. అడిగిన ప్రశ్నకు సమాధానం తన దగ్గర ఉన్నదో లేదో వెదుక్కుంటున్నట్టు ఉంది ఆ మౌనం.

"అన్నవరం వెళదాం. వ్రతానికి కాదు. వెళ్ళిన ప్రతిసారీ పీటల మీద కూర్చోవడం, పిల్లల్ని చూసుకోవడం, రైలుకు పరుగెత్తడమే సరిపోయింది. ఒక్కసారి ఆ కొండమీద ఊరికే కూర్చోవాలని ఉంది."

గంటలో ఇద్దరూ రైలెక్కారు. సామర్లకోట, పిఠాపురం దాటుతుంటే కిటికీ పక్కన ఆమె, ఎదుట ఆయన. పురూహూతికాదేవి క్షేత్రం వచ్చిందని ఆయన స్థలపురాణం ఎత్తుకోబోయి, ఆమె పొలాలవైపు చూస్తుండడం గమనించి మానుకున్నారు. అన్నవరంలో దిగి, తొలిపావంచాల దగ్గర దీపం వెలిగించి, అక్కడక్కడ కూర్చుంటూ మెట్లెక్కారు. మేరుపర్వతుని కుమారుడైన రత్నాకరుడు తపస్సు చేసి ఈ కొండగా మారి స్వామిని శిరసున ధరించాడని క్షేత్రపురాణం. 1891లో ఇక్కడ స్వామి ప్రతిష్ఠ జరిగింది. బ్రహ్మవిష్ణుమహేశ్వరులు ఒకే మూర్తిలో వెలసిన ఆ స్వామిని, పక్కనున్న అనంతలక్ష్మీ సత్యవతీ అమ్మవారిని దర్శించి, ఆకులో కట్టిన గోధుమనూక ప్రసాదం తీసుకొని బయటకు వచ్చారు. మబ్బు పట్టినందున నీడగడియారం ఆనాడు కాలం చెప్పడంలేదు. దిగువన వానలకు నీరు చేరిన పంపా జలాశయం కనబడే చోట చూసుకొని కూర్చున్నారు.

వ్రతమండపం నుండి పురోహితుని కంఠం మైకులో వినవస్తోంది. సాధువనే వర్తకుని కథ. సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కుమార్తె జన్మించాక ఆమె వివాహంనాడు చేస్తానన్నాడు. వివాహమూ అయింది, వ్రతం కాలేదు. కష్టాలు గడచి ధనరాశులతో తిరిగివస్తుంటే, నావలో ఏముందని దండిస్వామి అడిగినప్పుడు ఆకులూ అలములూ అన్నాడు. ఆ మాటే నిజమై నావనిండా ఆకులే మిగిలాయి.

ఆయన తల వంచుకొని విన్నారు. కొంతసేపటికి, "నీకొక సంగతి చెప్పాలి. మన పెళ్ళైన మూడో ఏట..." అని ఆగారు.

"సంగీత పాఠశాల ఉత్తరమేనా?" అన్నది ఆమె.

ఆనాడు ఒక పాఠశాలవారు ఆమెను వీణోపాధ్యాయినిగా రమ్మని ఉత్తరం వ్రాశారు. వృద్ధులైన తల్లిదండ్రులను తలచుకొని, ఆ ఉత్తరం ఆమెకు చూపకుండానే, వీలుపడదని ఆయన బదులు వ్రాసి పంపారు. తగిన సమయంలో చెప్పవచ్చునని అనుకున్నారు. కుమారుడు పుట్టాక, కుమార్తె పెళ్ళయ్యాక, తాము ఉద్యోగం విరమించాక అని ఆ సమయం జరుగుతూ వచ్చింది.

"నీకెలా తెలుసు?"

"ఏది వ్రాసినా మీరు ముందు చిత్తు వ్రాసుకుంటారు కదండీ. ఆ కాగితం మీ వ్యాకరణపుస్తకంలో దొరికింది. పదేళ్ళు కోపం ఉంది నాకు. తర్వాత అత్తయ్యగారి మంచం దగ్గర కూర్చున్న రోజుల్లో, మీరు అడిగి ఉంటే వద్దని నేనే అనేదాన్నేమో అనిపించింది. అప్పుడు కోపం పోయింది. కానీ ఆ 'వద్దు' నేను అనవలసినది. నా మాట మీరు అనేశారు."

"తప్పు చేశాను."

"చేశారు." ఆమె పంపవైపు చూస్తూ అన్నది. కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు. "ప్రసాదం చల్లారిపోతోంది, తినండి" అంటూ ఆమె ఆకు విప్పి ఆయన ముందుంచింది.

సత్యమంటే అసత్యం పలకకపోవడమొక్కటే కాదు. చెప్పవలసినవారికి చెప్పవలసినదానిని చెప్పకుండుట కూడ సత్యానికి హానియే. వర్తకుడు నోటితో అబద్ధమాడాడు, ఈ గృహస్థు మౌనంతో ఆడాడు. నావ బరువు ఇద్దరికీ ఒక్కటే. భార్య హితం కోరి చేసినదైనా, ఆమెకు తెలియకుండా ఆమె విషయంలో చేసిన నిర్ణయం అతిచరణమే అవుతుంది. అందుకు ప్రాయశ్చిత్తం భార్యకు కానుకలివ్వడంలో లేదు, ఆమెను పొగడడంలోనూ లేదు. దాచినదానిని ఆమె ఎదుట ఉంచి, ఆమె చెప్పేది పూర్తిగా వినడంలో ఉంది. క్షమించడమో, మరికొంత కాలం తీసుకోవడమో ఆమె స్వాతంత్ర్యం. సఖ్యానికి అర్హత ఆ స్వాతంత్ర్యాన్ని అంగీకరించినవానికే కలుగుతుంది. కథలు విని లేచి వెళ్ళడం సులభం. ఆ కథలోని వర్తకుడు తానేనని గుర్తించిన క్షణాన శ్రవణం మననంగా మారుతుంది.

సాయంకాలపు రైలులో తిరుగుప్రయాణమైనప్పుడు ఆమె ఒకచోట మెల్లగా ఏదో రాగం తీసింది. ఆయన అది ఏ రాగమని అడిగారు. ఆమె చెప్పింది. అంతవరకు ఆయన ఆమెను సంగీతం గురించి ఏమీ అడిగి ఎరుగరు.

మరునాటి ప్రవచనంలో ఆయన మైత్రేయి ప్రశ్న వరకు వెళ్ళలేకపోయారు. యాజ్ఞవల్క్యుడు భార్యను పిలిచి చెప్పిన మొదటి మాట దగ్గరే కాలమంతా గడచిపోయింది. శ్రోతలకు కారణం తెలియదు. స్త్రీల వరుసలో కూర్చున్న ఒకరికి తెలుసు.

ఆ వారంలోనే, కార్తికమాసంలో ఏడు దినాలు ఉపన్యసించవలసిందని పొరుగూరినుండి ఆహ్వానం వచ్చింది. బదులు వ్రాయడానికి కాగితం తీసిన ఆయన, దానిని పక్కనపెట్టి లోపలికి వెళ్ళారు.

"ఇలా అడుగుతున్నారు. ఏమనమంటావు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "మూడు రోజులైతే సరే. వారం వద్దు."

ఆయన మూడు రోజులనే వ్రాశారు. ఈసారి చిత్తు వ్రాసుకోలేదు.

స్వస్తి.