రోడ్డు కన్నా పల్లంలో బాత్రూం

హైదరాబాద్ మలక్‌పేటలో పాత ఇంటికి ప్లంబింగ్ పని మీద వెళ్తే బాత్రూం కన్నా ముందు గడప చూస్తాను. గల్లీలోంచి ఇంట్లోకి మెట్లెక్కి పోవాలా, దిగి పోవాలా అని. అక్బర్‌బాగ్, సలీంనగర్, మూసారాంబాగ్ గల్లీల్లో దిగి పోయే ఇళ్లు చాలా కనిపిస్తాయి. కట్టినప్పుడు అవి రోడ్డుకు ఎత్తులోనే ఉండేవి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే తారో సిమెంటో మళ్లీ మళ్లీ పోసుకుంటూ వచ్చారు. ఇల్లు ఉన్నచోటే ఉంది, గల్లీ పైకొచ్చింది. గల్లీతో పాటు డ్రైనేజీ చాంబర్ మూతా పైకొచ్చింది.

దాని ఫలితం వానాకాలంలో తెలుస్తుంది. మెయిన్ లైను నిండితే నీళ్లు చాంబర్ మూత దాకా లేచాకే గల్లీలోకి పొర్లుతాయి. ఇంటి బాత్రూం ఆ మూత కన్నా పల్లంలో ఉంటే అంతదాకా ఆగవు. బాత్రూం నేలలో ఉండే నాని ట్రాప్‌లోంచి, కమోడ్‌లోంచి ముందే ఇంట్లోకి వచ్చేస్తాయి. పక్కనే మూసీ నది. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరదను ఎగువన ఆపే జలాశయాలకూ, ఊరి డ్రైనేజీకీ ప్లాన్ వేసింది ఆయనే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ డ్రైనేజీ అంతా వాలు మీద నడిచేది. నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ముందు నేర్పింది వాలు చూడటమే. ఇల్లే పల్లమైపోయాక వాలు ఎక్కణ్నుంచి తేవాలి?

అట్లాంటి ఇళ్లలోకి ఈమధ్య మ్యాసరేటర్ వస్తోంది. కమోడ్ వెనకాల ఉండే తెల్ల డబ్బా. 1958లో ఫ్రాన్స్‌లో మొదలైన ఎస్‌ఎఫ్‌ఏ కంపెనీ ‘సానిఫ్లో’ పేరుతో దీన్ని దేశదేశాలా అమ్మింది. ఇప్పుడు వేరే కంపెనీలవీ దొరుకుతున్నాయి. లోపలి పనితనం తెలిస్తే సగం రిపేరు తెలిసినట్టే. ఫ్లష్ కొట్టగానే నీళ్లు డబ్బాలోకి వస్తాయి. నీళ్లు పెరిగేకొద్దీ లోపలి గొట్టంలోని గాలి నొక్కుకుపోయి, పైనున్న పల్చటి రబ్బరు పొరను నెడుతుంది. పొర స్విచ్‌ని నొక్కుతుంది, మోటార్ తిరుగుతుంది. జాలీ బుట్టలో బ్లేడు తిరిగి మలాన్ని నీళ్లలో కలిపేస్తుంది, పంపు దాన్ని పైకి తోస్తుంది. మామూలు కమోడ్‌కి నాలుగంగుళాల పైపూ, వాలూ కావాలి. దీనికి అంగుళమో, అంగుళంపావో పైపు చాలు. చాలా మోడళ్లు నాలుగు మీటర్ల ఎత్తుకు తోస్తాయి. మార్బుల్ పగలగొట్టే పని లేదు. పైపును చాంబర్ మూత కన్నా ఎత్తుకు తీసుకెళ్లి, అక్కణ్నుంచి వాలు ఇచ్చి వదిలితే మెయిన్ లైను నిండినా ఇంట్లోకి తిరిగి రాదు.

ఇది ఎక్కువగా పెట్టించుకునేది సోకు కోసం కాదు. ఇంట్లో మెట్లెక్కలేని మనిషి ఉంటారు. బాత్రూం మేడ మీదో, పెరట్లోనో ఉంటుంది. మంచం పక్కన కమోడ్ కావాలి. అందుకే మిషన్ ఆగిందని ఫోన్ వస్తే నేను దాన్ని రేపటికి వాయిదా వెయ్యను. ట్యాప్ కారుతుంటే కింద బకెట్ పెట్టుకుని ఆగొచ్చు. దీనికి ఆగలేరు.

అక్బర్‌బాగ్ దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. పెద్దావిడకి తుంటి విరిగి ఆపరేషన్ అయింది. ముందుగదిలో ఒక మూల గోడ లేపి, కమోడ్, మిషన్ పెట్టించారు. నేను వెళ్లేసరికి కమోడ్ అంచుదాకా నిండి ఉంది. కొడుకు, కోడలు, పనిమనిషి ముగ్గురూ ఒకేసారి, “మేమేం వెయ్యలే అన్నా” అన్నారు. నేను ఏం వేశారని అడగను. ఆ ప్రశ్న అడిగితే ఇంట్లో ఆడవాళ్లు తల దించుకుంటారు, ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, అసలు సంగతి బయటికి రాదు. చప్పుడు ఎట్లా మారిందని అడుగుతాను. జవాబు మంచం మీంచి వచ్చింది.

“మొదాల గిర్రుమంటుండె బిడ్డా. మొన్నటి సంది గుయ్యిమని మూలుగుతున్నది, తిరుగుతలేదు.”

రోజంతా దాని పక్కనే పడుకునే మనిషి కదా, అంతకన్నా బాగా ఎవరు చెప్తారు? మూలుగుతోందీ అంటే కరెంటు అందుతోంది, స్విచ్ పని చేస్తోంది, బ్లేడు తిరగట్లేదు. ఏదో చుట్టుకుని ఉండాలి, లేదంటే కెపాసిటర్ పోయి ఉండాలి. అసలు చప్పుడే లేకపోతే ప్లగ్గూ, ఫ్యూజూ చూడాలి, మోటార్ వేడెక్కి తనంతట తాను ఆగిందేమో కాసేపు ఆగి చూడాలి, ఆ తర్వాత రబ్బరు పొర. ఆగకుండా తిరుగుతూనే ఉంటే పైకి పోయే పైపు మూసుకుపోయినట్టు. ఎవరూ వాడకుండానే కొంతసేపటికోసారి తిరిగి ఆగుతుంటే ఫ్లష్ ట్యాంక్ సన్నగా కారుతోంది, లేకపోతే నాన్ రిటర్న్ వాల్వ్ కూర్చోక పైపులో నీళ్లు వెనక్కి దిగుతున్నాయి.

ప్లగ్ తీసేశాను. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ చేతిలోకి రావాలి. తర్వాత ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతాను: “యాసిడ్ పోశారా?” జామ్ అయిందంటే చాలా ఇళ్లలో ముందు చేసే పని అదే. యాసిడ్ పోసిన నీళ్లలో బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. చిన్న బాత్రూంలో తలుపేసుకుని ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ ఇంట్లో పొయ్యలేదు. గ్లవ్స్ వేసుకుని, మగ్గుతో కమోడ్ ఖాళీ చేశాను. పైకి పోయే పైపు విప్పేటప్పుడు కింద బకెట్ ఉండాలి, నిలువు పైపులో నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారి దిగుతాయి. రబ్బరు బెండు క్లిప్పులు వదులు చేసి డబ్బా బయటికి లాగి, మూత విప్పాను.

మిక్సీలో చీర కొంగు పడ్డట్టుంది లోపల. తడి టిష్యూలు బ్లేడు ఇరుసు చుట్టూ పేనుకుని, తాడులా బిగుసుకున్నాయి. చేత్తో లాగితే రావు. వాటిలో చాలారకాలు ప్లాస్టిక్ పోగులతో చేసినవే. నీళ్లలో నానితే చిరగవు. కమోడ్‌లో వెయ్యొచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నా వెయ్యకూడదు. చిన్న కత్తెరతో ఒక్కో పొరా కత్తిరించి, పట్టకారుతో లాగాను. దాని మధ్యలో ఒక ప్యాడ్ ముక్క ఉంది. ప్యాడ్‌లోని పొడి నీళ్లు తాగి జిగురుగా ఉబ్బుతుంది, జాలీ కన్నాలన్నీ మూసేస్తుంది. బ్లేడును స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూశాను, ఒరుసుకోకుండా తిరిగింది. నాన్ రిటర్న్ వాల్వ్ రేకులో ఇరుక్కున్న వెంట్రుకలు తీశాను.

పని చేస్తుండగా పెద్దావిడ చెప్పిన మాట నేను మర్చిపోలేను. “రెండు దినాల సంది నీళ్లు తాగుడు తక్కువ జేసిన బిడ్డా. మాటిమాటికి కోడల్ని లేపుడెందుకని.” ఆపరేషన్ అయిన మనిషి, ఎండాకాలం, మందులేసుకుంటోంది. డబ్బా ఆగినందుకు మంచినీళ్లు మానుకుంది.

మళ్లీ బిగించి, బకెట్ నీళ్లు పోసి, గిర్రుమని లాగేసిందాకా చూశాను. అప్పుడు కోడల్ని పక్కకి పిలిచి, “అక్కా, ఈ గదిలో చెత్తబుట్ట ఏది?” అన్నాను. లేదు. వంటింట్లో ఉంది. టిష్యూ అక్కడిదాకా పట్టుకుపోవాలంటే ముందుగదిలో కూర్చున్న మామగారి ముందునుంచి పోవాలి. కాన్పయిన కోడలైనా, పెద్దమనిషయిన పిల్లయినా, ఈ సమస్య చాలా ఇళ్లలో ఒకటే. ప్యాడ్ చేత్తో పట్టుకుని నలుగురిలోంచి నడవలేక కమోడ్‌లో వేస్తారు. తప్పు ఆ పిల్లది కాదు, బుట్ట పెట్టనివాళ్లది. కాలితో నొక్కితే మూత తెరుచుకునే బుట్ట, పక్కన పాత పేపర్లు. మిషన్ బిగించే రోజే ఈ రెండూ పెట్టించకపోతే పని పూర్తయినట్టు నేను లెక్కపెట్టను.

తీసిన ముద్దను నేను చాంబర్‌లో తొయ్యను. తోస్తే నా కస్టమర్ ఇంట్లో సమస్య తీరుతుంది, గల్లీ చివర మ్యాన్‌హోల్లో అదే ముద్ద నిలుస్తుంది. ఒకప్పుడు వెదురు బద్దలు పట్టుకుని మనుషులే లోపలికి దిగేవాళ్లు. చేతులతో మలం ఎత్తించడాన్నీ, రక్షణ లేకుండా మ్యాన్‌హోల్లోకి దింపడాన్నీ నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మన నగరంలో ఇరుకు గల్లీల్లో పట్టే చిన్న జెట్టింగ్ మిషన్లూ వచ్చాయి. అయినా ఆ మిషన్ పైపు కూడా టిష్యూల ముద్ద దగ్గర తంటాలు పడుతుంది, దాన్ని లాగాల్సిన వాడు మళ్లీ మనిషే. కవర్లో కట్టి చెత్తబండికి ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

కొందరు ఇంకో అడ్డదారి అడుగుతారు: “చాంబర్ దాకా ఎందుకు, వాన నీళ్ల నాలాలో కలిపెయ్.” సన్న పైపు కాబట్టి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, నిజమే. కానీ ఆ నాలా నేరుగా మూసీకి పోతుంది. ఆ పని ఎంత డబ్బిచ్చినా చెయ్యను.

అసలు మిషన్ విప్పే ముందు గల్లీ చాంబర్ మూత లేపి చూడాలి. అది నిండి నిలబడి ఉంటే ఇంట్లో ఏం విప్పినా లాభం లేదు. వాటర్ బోర్డుకి 155313 కొట్టి కంప్లయింట్ రాయించమంటాను. అలాంటప్పుడు ఇంటివాళ్ల దగ్గర రిపేరు డబ్బులు తీసుకోకూడదు.

ఏమీ వెయ్యకపోయినా ఆగే మిషన్లున్నాయి. దానికి కారణం బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకి బకెట్ అంచున తెల్లగా కట్టే పొరే డబ్బాలోనూ కడుతుంది. గాలి గొట్టం సన్నబడుతుంది, రబ్బరు పొర గట్టిపడుతుంది, నీళ్లు నిండినా స్విచ్ పడదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, ప్లగ్ తీసి, రాత్రి పోసి వదిలేస్తే పొద్దున్నకి చాలా వరకు కరుగుతుంది. బాత్రూం యాసిడ్ తెల్లమరకను ఇంకా తొందరగా తీస్తుంది, దాంతోపాటు రబ్బర్లనూ తినేస్తుంది. రబ్బరు పోతే డబ్బా కిందనుంచి కారడం మొదలవుతుంది.

బిగించడంలో తప్పులు మరీ ఎక్కువ. డబ్బాలోంచి పైపు ముందు నిలువుగా పైకి పోవాలి, తర్వాతే పక్కకి తిరగాలి. అందం కోసం గోడ వెంబడి ముందు అడ్డంగా తీసుకెళ్లి చివర్లో పైకి లేపితే మడ్డి మధ్యలో కూర్చుంటుంది. మూల తిరిగే చోట తొంభై డిగ్రీల ఎల్బో ఒకటి పెట్టకుండా నలభై అయిదు డిగ్రీలవి రెండు పెట్టాలి. పని వెనక మళ్లీ పని రాకూడదనుకునే ప్లంబర్ ఈ రెండింటి దగ్గర పైసలు మిగల్చడు.

కరెంటు పోతే ఇది పని చెయ్యదన్న సంగతి అమ్మేటప్పుడు చాలామంది చెప్పరు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఫ్యానుకీ టీవీకీ ఇన్వర్టర్ లైను ఉంటుంది, ఈ ప్లగ్గుకి ఉండదు. మోటార్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ మొయ్యకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని అప్పుడే కలపాలి. టీవీ తీసేసైనా సరే, దీనికి లైను ఇవ్వమని అడుగుతాను.

ఆ అక్బర్‌బాగ్ ఇంటివాళ్లు అట్లాగే మార్పించుకున్నారు.