కేప్‌కాడ్ అఖాతంలో ఒక ఉదయం

2024 జూన్‌లో అమెరికాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మసాచుసెట్స్ తీరాన కేప్‌కాడ్ అఖాతంలో చేపల వేటకై ఒక పడవను అద్దెకు తీసుకున్నాము. ఒంటిపై చారలు గల స్ట్రైప్డ్ బాస్ చేపలు అధికభాగం వసంతంలో చీసపీక్ అఖాతపు నదులలో గుడ్లు పెట్టి, వేసవికి ఉత్తరాన చల్లని నీటికి తరలివస్తాయి.

చాలాసేపటికి మా మనుమడి గాలానికి పెద్ద చేప చిక్కింది. సారంగు కొలబద్ద పెట్టి చూశాడు: 38 అంగుళాలు! ఆనాటి నిబంధన ప్రకారం మనిషికి రోజుకు ఒక్కటే. అదీ 28 అంగుళాలకు తగ్గరాదు, 31కి చేరరాదు. పెద్ద ఆడచేపలే అధికంగా గుడ్లు పెడతాయి. 1980లలో అడుగంటిన ఈ జాతి కఠిన నియమాల వలననే 1995 నాటికి కోలుకొన్నది. చేపను నీటిలోకి వదలగానే బాలుడు కంటతడి పెట్టాడు.

మన కర్మాగారంలో కొలత మించిన వస్తువు తుక్కులో చేరుతుంది; అక్కడ కొలత మించినందుకే ఒక ప్రాణి బ్రతికింది. రిక్తహస్తాలతో ఒడ్డు చేరినా, మాకు లోటు తోచలేదు.