గల్లా పుస్తకం వెనక పేజీలు

2024 ఆగస్టు 29, గురువారం

పేపరు మొదటి పేజీలో మన జహీరాబాద్. నిన్న ఢిల్లీలో కేంద్ర కేబినెట్ పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఒప్పుకుందట, అందులో మనదొకటి. 3,245 ఎకరాలు, 2,361 కోట్లు. పక్క దుకాణం టైలర్ పేపరు మడిచి నా కౌంటర్ మీద పడేసి, "ఇగ నీ ఇనుప దుకాణానికి ఏసీ పెట్టియ్యాలె సేటూ" అన్నాడు.

ఆ ఎకరాలేవీ ఊళ్లో లేవు. న్యాల్కల్, ఝరాసంగం దిక్కు. నిమ్జ్ అని 12,635 ఎకరాల పారిశ్రామిక మండలి మాట లేచినప్పటి నుంచి ఇలాంటి అంకెలు వింటూనే ఉన్నాను. బజారు గురించి ఏమన్నా రాశారేమోనని రెండుసార్లు చదివాను. లేదు.

పదకొండు దాకా బోణీ కాలేదు. అప్పుడు ఝరాసంగం బస్సు దిగి ఒక అవ్వ వచ్చింది. పది మూరల మోకు కావాలంది. నా మూర మీద నమ్మకం లేదు, తానే కొలుచుకుంటానంది. "అవ్వా, నీ చెయ్యి పొట్టి, నీకే నష్టం" అన్నాను. "నా మూర నాకెరుక" అంది. ఒక మూర ఎక్కువ పెట్టి కోశాను. భూమి పోయిందా అని అడిగితే, "పోతే మోకెందుకు కొంట బిడ్డా" అని చుట్ట చుట్టి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టింది.

2024 డిసెంబరు 15, ఆదివారం

మేనల్లుడు వచ్చాడు. మాసాబ్ ట్యాంక్‌లో ప్లానింగ్ చదువుతున్నాడు. కాలేజీ పనికి మెయిన్ రోడ్డు కొలవాలట. టేపు ఒక కొస నాకిచ్చి మోరీ గట్టు మీద నిలబెట్టాడు. చెరుకు సీజను కదా, ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు, గడలు రెండు పక్కలా పొడుచుకొచ్చి, టేపు మీది నుంచే పోయింది. "మళ్లా మొదటి నుంచి మామా" అన్నాడు.

పాత తొమ్మిదో నంబరు హైవే ఇదే. 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే లారీలన్నీ ఒకప్పుడు మా అరుగు ముందు నుంచే పోయేవి. సామాన్ల మీద దుమ్ము దులపడానికే ఒక పిలగాణ్ణి పెట్టుకున్నాం. ఇప్పుడు లారీలు బైపాస్ మీద పోతున్నాయి.

"దాంతో గిరాకీ ఎంత పడిపోయింది?" అని వాడడిగాడు. నోటి లెక్క చెప్పడం ఇష్టం లేక పాత పుస్తకాలు తీశాను. లారీవాళ్లు నా దగ్గర కొన్నదెంత? ఎప్పుడో ఒక తాళంకప్ప, ఒక తాడు. నష్టపోయింది దాబాలు, పంక్చర్ దుకాణాలు. వాళ్లు మూటాముల్లె కట్టుకుని బైపాస్ పక్కకే పోయారు. కొడవళ్లు, పారలు, బకెట్లు, తాడిపత్రులు కొన్నదంతా కోహీర్, మొగుడంపల్లి, న్యాల్కల్ బస్సులు దిగి నడిచి వచ్చినవాళ్లే. ఇన్నేళ్లు లారీల చప్పుడు వింటూ అదే గిరాకీ అనుకున్నాను.

బైపాస్ వేశాక ఊళ్లో మిగిలిన పాత ముక్కను ఒకసారి బాగుచేసి హైవే వాళ్లు రాష్ట్రానికి అప్పగిస్తారట, వాడే చెప్పాడు. మన చేతికి వచ్చిన రోడ్డును ఇంకా లారీల కొలతలోనే ఎందుకు ఉంచుకున్నామని వాడి ప్రశ్న. నడిచేవాడికి ఉన్నది మోరీ మీది బండలే, వాటిలోనూ సగం ఊగుతాయి. 2016లో సుప్రీంకోర్టు హైవేకు 500 మీటర్ల లోపల మందు దుకాణాలు వద్దంటే, కొన్ని రాష్ట్రాలు ఊళ్లలోని హైవేలను పేరు మార్చి మామూలు రోడ్లు చేసేశాయి. రోడ్డు మార్చడం అంత సులభమని అప్పుడే తెలిసింది.

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

హైదరాబాద్‌లో పెళ్లి చూసుకుని రాత్రి బస్సులో వచ్చాం. "ఊళ్లోకి పోదు, ఈడనే దిగాలె" అని బైపాస్ మీద దింపేశారు. పదిన్నర. దీపం లేదు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి మా ఆవిడ కొంగు మొహం మీద పడుతోంది. ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో లడ్డూల డబ్బా. ఆటో అతను నూట యాభై అడిగాడు, ఇచ్చాను. "మన ఊరికి మనమే చుట్టాలమైనం" అంది ఆటోలో.

లారీ ఊరు దాటిపోతే నాకు బాధ లేదు. బస్సు దాటిపోతే భయం. ఇవాళ ఎక్స్‌ప్రెస్, రేపు పల్లె బస్సు కూడా బైపాస్ చౌరస్తాలోనే తిరిగిపోతే, ఆ అవ్వ మోకు అక్కడే కొనుక్కుంటుంది.

2025 మే 23, శుక్రవారం

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు. హుగ్గెల్లిలో బసవేశ్వరుడి విగ్రహం, నిమ్జ్‌కు పోయే రోడ్డు, పస్తాపూర్‌లో సభ. అన్నీ ఊరి అంచుల్లోనే. జనమంతా అటే, నా బేరం సున్నా.

సాయంత్రం పండ్ల బండి భాయ్ కూర్చున్నాడు. మేనల్లుడు చెప్పిన 2014 చట్టం సంగతి వినిపించాను: వీధి వ్యాపారుల కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా బండ్లవాళ్లే ఉండాలని. మామిడిపండు ఒకటి తుడుస్తూ విన్నాడు. "కమిటీకి నేను పోతే బండి ఎవరు చూస్తరు సేట్? నువ్వు చూస్తవా?" చూస్తానన్నాను. నవ్వాడు గానీ నమ్మలేదు.

2025 జూన్ 12, గురువారం

మేనల్లుడు నక్షా పంపాడు, గోడకు అంటించాను. బస్టాండు నుంచి బజారు మీదుగా రైల్వే స్టేషన్ దాకా ఒకే నడక దారి. రెండు వైపులా వేప చెట్లు, బండ్లకు గళ్లు, పల్లె బస్సులు ఆగే చోటు. నా దుకాణం గోరంత చతురస్రం.

మధ్యాహ్నం వాన దంచింది. బస్సు కోసం పోతున్న ఆడవాళ్లు నలుగురు నా రేకుల కిందికి వచ్చారు. ఒకామె నక్షా దగ్గర చాలాసేపు నిలబడి, "గిండ్ల ఆడోళ్లు పోయే జాగ ఏడుంది?" అంది. నేనూ వెతికాను. చెట్టు చెట్టుకూ బొమ్మ వేశాడు, అది మాత్రం లేదు. ఫోన్ చేస్తే, "మర్చిపోయిన మామా" అన్నాడు.

"ఏడుండాలె?" అని ఆమెనే అడిగాను. తడి వేలు బస్టాండు పక్కన పెట్టింది. అక్కడ పెన్సిల్‌తో గడి గీశాను. "ఇంకింత పెద్దగ" అంది వెనకనున్నామె. పెద్దది చేశాను.

తాడిపత్రులు మూడు పోయాయి. ఒకటి అరువు.